బాన అంచు దాకా

నీలిచేతులమ్మ ఇల్లెక్కడ అని ఆ వీధిలో ఎవరినడిగినా వేలు చూపించరు, ముక్కు చూపిస్తారు. "వాసన పట్టుకుని పోండి. ఎక్కడ ఇక చాలు బాబోయ్ అనిపిస్తుందో అదే ఇల్లు" అంటారు. అద్దకం బాన వాసన అట్లాంటిది మరి. పులిసిన తవుడు, సున్నం, తడిగుడ్డ, పశువుల కొట్టం, అన్నీ ఒకే కుండలో వేసి మూత పెట్టినట్టు ఉంటుంది. కోడలు ఆ ఇంట్లో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పెట్టుకున్నందుకు సిగ్గుపడి, తీసేసి, మళ్ళీ పెట్టుకుంది. అత్తగారు చూసి నవ్వింది.

"నేనొచ్చినప్పుడు గుమ్మంలోనే వాంతి చేసుకున్నానమ్మాయ్. నువ్వు నాకంటే గట్టిపిండానివే."

అత్తగారి చేతులు మోచేతుల దాకా నీలం. గోళ్ళలో నీలం, వేళ్ళ గీతల్లో నీలం. ఆమె పిండి కలుపుతుంటే కొత్తవాళ్ళు పిండి వంకే చూస్తూ కూర్చునేవాళ్ళు, ఎప్పుడు రంగు మారుతుందా అని. "భయపడకండి, అది తోలు మీద లేదు, తోలు కిందికి దిగిపోయింది" అనేది. మామగారు పోయి చాలా కాలమైంది. అప్పటికి కొడుకు ఇంకా గోడ పట్టుకుని నడిచే వయసు. అద్దకం మగాళ్ళ పని, ఆడదాని చేతికి రంగు ఎక్కదు అన్నారట చుట్టాలు. ఎక్కింది. ఎక్కి దిగలేదు.

ఆమె అబద్ధం చెప్పదని వీధిలో ఒక పేరు. అది మంచి పేరని చెప్పలేం, సగం వేళాకోళమే. గుడ్డకి రంగు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు అడుగుతారు కదా, రంగు పోతుందా అని. లోకంలో ఏ అద్దకంవాడైనా పోదంటాడు. ఈమె మాత్రం, "పోతుంది. పోని రంగు ఎక్కడుంది? కాకపోతే మీ జుట్టు కంటే నిదానంగా పోతుంది" అనేది. కొందరు నవ్వి ఇచ్చిపోయేవాళ్ళు, కొందరు గుడ్డ చంకలో పెట్టుకుని తిరిగిపోయేవాళ్ళు.

పెరట్లో రేకుల కొట్టం. లోపల నేలలో మెడ దాకా పూడ్చిన బానలు. వాటిలో అన్నిటికంటే పెద్దది మామగారి తాతల నాటిదట. ఆ బానని ఎప్పుడూ ఖాళీ చెయ్యలేదు. ఉన్నదాంట్లోనే నీలిమందు కలుపుతూ, తవుడు నీళ్ళు, బెల్లం పోస్తూ, సున్నం చూసుకుంటూ వచ్చారు. బానకి ప్రాణం ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఉత్త నమ్మకం కూడా కాదు. ఆకలి వేస్తే తెలుస్తుంది, పైన నురుగు వాడిపోతుంది. చలి వేస్తే తెలుస్తుంది, చుట్టూ పొట్టు రాజేసి వెచ్చగా ఉంచాలి. బాగున్న బాన మీద రాగి రేకు పరిచినట్టు మెరుపు, మధ్యలో నీలం నురుగు గుత్తిగా లేచి ఉంటుంది. దాన్ని పువ్వు అంటారు. పొద్దున్నే మూత తీసి అత్తగారు, "పువ్వుంది" అంటే ఇంట్లో అందరికీ అన్నం సయించేది.

కోడలికి మాత్రం బాన కంటే వింతగా అనిపించింది అత్తగారు.

తెల్ల గుడ్డని బానలో ముంచుతారు. లోపల రసం నీలంగా ఉండదు. పసుప్పచ్చగా, పాచి నీళ్ళలా ఉంటుంది. పైకి తీసినప్పుడు గుడ్డ లేతాకు రంగులో ఉంటుంది, చిగురు లాగా. అప్పుడు దానికి గాలి తగులుతుంది. అంచుల నుంచి మొదలై మడతల్లోకి, చూస్తుండగానే, ఎవరో కంటికి కనపడని చెయ్యి పెట్టి నిమిరినట్టు నీలం పాకుతుంది. మొదటిసారి చూసినప్పుడు కోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కానీ అత్తగారు అప్పటికి లక్షసార్లు చూసి ఉంటుంది కదా. అయినా గుడ్డ బయటికి వచ్చిన ప్రతిసారీ ఆమె చేస్తున్న పని ఆపేసేది. మాట్లాడుతున్న మాట సగంలో ఆపేసేది. గుడ్డని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చూస్తూ నిలబడేది. నీలం మొత్తం పరుచుకున్నాక గాని గుడ్డని తీగ మీద వెయ్యదు, ఆగిన మాట పూర్తి చెయ్యదు.

"ఎందుకత్తయ్యా అట్లా బొమ్మలా నిలబడిపోతారు?" అని ఒకరోజు అడిగేసింది.

"బాన అంచు దాకా నా పని. అంచు దాటాక ఆయన పని. ఎవరైనా పని చేసుకుంటుంటే మధ్యలో మాట్లాడతామా?"

ఆయనెవరో చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఆయనంటే దేవుడే.

ఆమె భక్తి చూడ్డానికి ఏమంత ఉండదు. పొద్దున్నే కొట్టం తలుపు తియ్యకముందు పెరటి గోడ దగ్గర నిలబడి కాసేపు మాట్లాడుకునేది. పాటా లేదు, పద్యం లేదు. పొరుగింటావిడతో గోడ మీద నుంచి మాట్లాడినట్టే. "నిన్న ఎండ బాగా ఇచ్చావు. ఇవాళ వాన పెట్టకు, తీగ నిండా గుడ్డలున్నాయి. పెడతానంటావా, సరే, లోపల ఆరేసుకుంటాను." ఇదీ వరస. కోడలికి నవ్వొచ్చేది. పెట్టవద్దని అడగడమెందుకు, పెడితే సరేననడమెందుకు?

"అడగడం నా వంతు, ఇవ్వడం ఆయన వంతు" అనేది అత్తగారు. "నా వంతు ఎగ్గొట్టను, ఆయన వంతులో వేలు పెట్టను."

మాటలు ఎండ గురించి, వాన గురించి ఉన్నంతకాలం కోడలికి బాగానే ఉండేవి.

కోడలి భర్త, అంటే ఆ ఒక్కగానొక్క కొడుకు, గుడ్డలు పిండుతూ పిండుతూ ఒకరోజు కొట్టంలోనే కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండెలో తలుపు ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నారు, చిన్నప్పటి జ్వరం వల్ల ఎప్పుడో పాడైందట. కోసి బాగు చెయ్యాలి. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "చెయ్యకపోతే నిలవడు. చేసినా నిలుస్తాడని మాట ఇవ్వలేనమ్మా. బలం పుంజుకోవాలి. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి అప్పుడు చేద్దాం."

అత్తా కోడళ్ళు వంతులేసుకున్నారు. ఒకరు ఆసుపత్రిలో, ఒకరు ఇంట్లో. అతను మంచం మీద పడుకుని అడిగే మాట ఒక్కటే.

"బాన ఎట్లా ఉంది?"

అద్దకం ఇళ్ళలో ఒక మాట ఉంది. పెద్ద బాన, ఇంటి మగాడు ఒకే ఊపిరి పీలుస్తారని. మామగారు చనిపోయిన ఏడాది బాన చావుదాకా పోయి వచ్చిందని చెప్పుకునేవాళ్ళు. అతను పైకి నవ్వేవాడుగాని లోపల ఆ మాట ముల్లులా ఉంది. కోడలికీ ఉంది. అందుకే "పువ్వు బంగారంలా ఉందండీ" అని చెప్పినప్పుడల్లా ఆమెకి కూడా కాస్త ధైర్యం వచ్చేది. అప్పటికి అది నిజమే.

తర్వాత నిజం కాకుండా పోయింది.

అత్తగారు వేళకి తవుడు పోసింది, వేళకి పొట్టు రాజేసింది, నాలిక మీద చుక్క వేసుకుని రుచి చూసుకుంది. ఎక్కడా లోటు చెయ్యలేదు. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలి. చేస్తున్నదంతా చేస్తుండగానే పువ్వు వాడింది. రాగి మెరుపు పోయింది. రసం పచ్చదనం పోయి బూడిద నీలంగా తిరిగింది. ముంచిన గుడ్డ చిగురు రంగులో రావడం మానేసింది, ఉతికితే రంగంతా నీళ్ళలో పోయింది. తాతల నాటి బాన కొట్టం మధ్యలో బురద గుంటలా ఉండిపోయింది. అప్పట్నుంచి అత్తగారు బాన వదిలి కదల్లేదు, ఆసుపత్రికి కోడలే పోయివస్తూ, అతను అడిగినప్పుడల్లా పువ్వు బంగారంలా ఉందనే చెప్పింది.

ఈ కబురు విని పరుగున వచ్చింది మామగారి చెల్లెలు. అదే వీధిలో ఉంటుంది. కోడలు ఆమెని పిన్నీ అంటుంది, వీధి మాత్రం డప్పు అంటుంది. ఆమె చెవిన పడ్డ మాట వీధి చివరికి చేరడానికి కాళ్ళక్కర్లేదు. కానీ మేనల్లుడంటే ప్రాణం. వాణ్ణి ఎత్తుకుని పెంచింది.

"వదినా, ఇంకా కూర్చున్నావేం? ఒక అబద్ధం వదులు" అంది వస్తూనే.

కోడలికి అర్థం కాలేదు. పిన్ని గబగబా చెప్పింది. బాన చెడిపోతే అద్దకంవాళ్ళు ఒక అబద్ధం పుట్టించి ఊరి మీదకి వదులుతారు. ఎంత పెద్దదైతే అంత మంచిది. ఊరు నమ్మి నోళ్ళు నొక్కుకుంటుంటే ఇక్కడ బానలో పువ్వు లేస్తుంది. అబద్ధపు వార్తలకి నీలివార్తలని పేరొచ్చిందే దీన్నించి.

"మా నాన్న ఎన్నిసార్లు బతికించాడు దీన్ని! ఏనుగు ఈనిందన్నాడు ఒకసారి. ఊరంతా నమ్మింది."

"మీ నాన్న ఆడిన అబద్ధాలన్నీ కలిపితే ఈ బాన వెయ్యేళ్ళు బతకాలే" అంది అత్తగారు. "తవుడు పోస్తున్నాను. పొట్టు వేస్తున్నాను. ఆయన్ని అడుగుతున్నాను. ఇంకో దారి నాకు రాదు."

"నీకు రాకపోతే నేను చెప్తాను."

"నా ఇంటికోసం నువ్వు కూడా చెప్పొద్దు."

"నీ ఇల్లొక్కటేనా? వాడు నాకేం కాడా?" పిన్ని గొంతు పగిలింది. "బాన పోతే వాడు పోతాడు వదినా. నీ నిజం కట్టుకుని ఏం చేసుకుంటావు?"

అత్తగారు వెళ్ళి బాన చుట్టూ పొట్టు సర్దింది. చచ్చినదానికి ఎందుకు కాపు అని కోడలు అనుకుంది. పైకి అనలేదు. లోపల మాత్రం పిన్ని పక్షానే నిలబడింది.

రెండు పొద్దులు గడిచాయో లేదో, వీధిలో మాట పుట్టింది. ఆపరేషన్ అక్కర్లేకుండానే నీలిచేతులమ్మ కొడుక్కి నయమైపోయిందనీ, డాక్టర్లే నివ్వెరపోయారనీ, తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వచ్చేశాడనీ.

జనం వచ్చారు. ఇరుకు వీధి, ఇరుకు గుమ్మం, ఊపిరాడనంత జనం. కొలిమివాడు చేతులు కూడా కడుక్కోకుండా వచ్చాడు. కుట్టుమిషనాయన మెడలో టేపుతో అట్లాగే వచ్చాడు. బడిపంతులమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరి మొహం చూసినా వెలుగు. "ఏడీ, ఒక్కసారి చూసిపోతాం!" అని లోపలికి తొంగి చూస్తున్నారు.

కోడలు తలుపు చాటున నిలబడి అత్తగారినే చూస్తోంది. ఆ ముసలి గుండె దేనికోసం కొట్టుకుంటోందో ఆ మాటనే ఊరంతా మోసుకొచ్చి గుమ్మంలో పెట్టింది. చిరునవ్వు నవ్వి ఊరుకుంటే చాలు. లోపల పడుకున్నాడు, లేపొద్దు అంటే చాలు. అబద్ధం ఆమెది కూడా కాదు.

అత్తగారు నీలం చేతులు రెండూ జోడించింది.

"రాలేదయ్యా. ఆసుపత్రిలోనే ఉన్నాడు. మీరు విన్నది ఒట్టిది."

ముందున్నవాళ్ళకి చెప్పింది. వెనకవాళ్ళు తోసుకుని ముందుకు వస్తే వాళ్ళకీ చెప్పింది. వచ్చిన ప్రతివాళ్ళకీ, వాళ్ళ మొహంలో వెలుగు ఆరిపోవడం కళ్ళారా చూస్తూ, విడివిడిగా చెప్పింది. "రాలేదమ్మా. ఒట్టిది. మీరు వాడికోసం సంతోషించారు, అది చాలు నాకు." బడిపంతులమ్మ చెయ్యి పట్టుకుని, "పోనీ శకునానికైనా బాగున్నాడని ఒక మాటనండి" అని బతిమాలింది. "బాగుండాలని ఆయన్ని అడుగుతున్నానమ్మా. ఇచ్చేశాడని చెప్పి ఆయన్ని ఇరకాటంలో పెట్టలేను" అంది.

జనం పల్చబడ్డాక అత్తగారు గుమ్మంలో కూలబడింది. కోడలు ఆమెకి మంచినీళ్ళు ఇవ్వలేదు. గబగబా కొట్టంలోకి పోయింది. ఎందుకు పోయిందో మీకు తెలుసు. మూత తీసింది. గుడ్డ పీలిక ముంచి తీసింది, నీళ్ళలో జాడించింది. రంగంతా నీళ్ళలో కరిగిపోయింది. ఊరంతా నమ్మినా బాన నమ్మలేదు.

అప్పుడు తిరగబడింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అత్తగారి ముందు గొంతెత్తని మనిషి.

"మీరు చెడగొట్టారు! ఊరుకుని ఉంటే లేచేదేమో! మీ నోటితో అందరికీ కాదు కాదని చెప్పి... మీకు కొడుకు కంటే మీ నిజమే ఎక్కువా? ఇంత చేస్తున్నారు కదా, మీ దేవుడు ఏం చేశాడు? రేపు ఈయన కూడా పోతే అప్పుడేమంటారు? సరే లోపల ఆరేసుకుంటాను అంటారా?"

మాట నోట్లోంచి వచ్చాక తనకే భయం వేసింది. అత్తగారు కొట్టం స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"అనలేనేమో" అంది చివరికి. "అప్పుడు నోట్లోంచి ఏమొస్తుందో నాకు తెలీదమ్మాయ్. అరుస్తానేమో. ఆయన్నే తిడతానేమో. కానీ ఒకటి తెలుసు. ఆ అరుపైనా ఆయన ముందే అరుస్తాను. ఇవ్వలేదని ఆయన్ని మార్చుకుంటానా ఏం, తూకం తక్కువిచ్చాడని కూరగాయల కొట్టు మార్చినట్టు? మీ మామయ్య పోయినప్పుడు కూడా అడిగాను. ఇవ్వలేదు. ఇవ్వని ఆయనే మర్నాడు పొద్దున్న నన్ను లేపాడు. లేవలేనన్నాను. లేపాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, బానకి తవుడు కలపడానికి కూర్చుంది. కోడలు అక్కడే నిలబడిపోయింది. ఏనుగు ఈనిందంటే నమ్మొచ్చుగాని, చచ్చిన బానకి వేళ తప్పకుండా తవుడు పోసే మనిషిని కళ్ళెదురుగా చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

ఆపరేషన్ రేపనగా ఇద్దరూ కలిసే ఆసుపత్రికి పోయారు. మెట్లెక్కుతూ కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇవాళొక్కరోజు. ఆయన అడిగితే బాన బాగుందని చెప్పండి. లేదా నోరు మూసుకోండి, నేను చెప్తాను." అత్తగారు ఆ చేతిని నిమిరింది. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

అతను బాగా చిక్కిపోయాడు. వార్డులో కిటికీ పక్క మంచం. ఆ గదిలో అందరూ అతనికి ఒకటే చెప్తున్నారు. నర్సు, పక్క మంచం ముసలాయన, చూడవచ్చినవాళ్ళు, "ఏం కాదు, ఏం కాదు" అని. ఏం కాదన్న ప్రతిసారీ అతని కళ్ళు ఇంకొంచెం లోపలికి పోతున్నాయి. తల్లిని చూడగానే లేవబోయాడు.

"అమ్మా, బాన?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు మంచం మీద కూర్చుంది. అతని అరచెయ్యి తన నీలం అరచేతిలోకి తీసుకుంది.

"చచ్చిపోయిందిరా నాన్నా. చెయ్యగలిగిందంతా చేశాను. నిలవలేదు."

కోడలు ఇక అయిపోయింది అనుకుంది. అతను తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, ఎన్నో రోజుల తర్వాత, గట్టిగా ఊపిరి వదిలాడు.

"అనుకున్నాను. ఇది చెప్పే తీరు చూస్తేనే అనుకున్నాను" అని భార్య వైపు తల ఊపాడు. "పువ్వు బంగారంలా ఉందట. బానలో బంగారమెక్కడిదే పిచ్చిదానా?"

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక చిన్న గొంతుతో అడిగాడు.

"నువ్వైతే అబద్ధం చెప్పవు కదమ్మా. నేను బతుకుతానా?"

కోడలు కిటికీ ఊచ పట్టుకుంది. బయట ఎక్కడో బళ్ళు పోతున్న చప్పుడు.

"తెలీదురా" అంది అత్తగారు. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం నిలబడింది. "నాకు తెలీదు. డాక్టరమ్మకీ తెలీదట. బతకాలనే అడుగుతున్నాను, పొద్దున్నా సాయంత్రం అదే అడుగుతున్నాను. కానీ ఒకటి మటుకు తెలుసు, ఇది నా అంతట నేను చూసుకున్న సంగతి, ఎవరో చెప్పింది కాదు. నువ్విటున్నా అటు పోయినా ఆయన చేతుల్లోంచి జారిపోవు. నా చేతుల్లోంచి జారిపోతావేమో. ఆయన చేతుల్లోంచి పోవు."

అతను తల్లి చేతి మీది నీలం గీతల మీద వేలు పెట్టి, చిన్నప్పుడు చేసినట్టు, రాస్తూ ఉన్నాడు. కాసేపటికి వేలు ఆగిపోయింది. కోడలు ఉలిక్కిపడి వంగి చూసింది. నిద్రపోయాడు. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి మందు లేకుండా అతను నిద్రపోవడం అదే మొదటిసారి. నుదుటి మీద ముడి విప్పుకుంది. మొహం పసిబిడ్డలా ఉంది.

ఏం కాదని అందరూ చెప్పినప్పుడు రాని నిద్ర తెలీదు అన్న మాటకి ఎట్లా వచ్చింది? కోడలు కిటికీ దగ్గరే నిలబడి ఆ తల్లీకొడుకులనే చూసింది. తన ఒంటి మీద రోమాలు లేచాయి. ఆ వార్డులో, మందుల వాసనలో, ఇనప మంచాల మధ్య, ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఎవరో పని చేసుకుంటున్నట్టు. చేతిలో ఉన్న గ్లాసు కింద పెడితే చప్పుడవుతుందని పట్టుకునే నిలబడింది.

మర్నాడు అతను ఆపరేషన్ గదిలోకి పోతూ ఇద్దరి వైపూ చెయ్యి ఊపాడు. తిరిగి రాలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి టోపీ తీసి నిలబడినప్పుడే తెలిసిపోయింది. అత్తగారు అరిచింది. చెప్పినట్టే అరిచింది. నేల మీద పడి గుండెలు బాదుకుంది. "ఇవ్వమన్నాను కదయ్యా! ఇవ్వమని అడిగాను కదా!" అని ఆ నడవా అంతా వినపడేలా ఏడ్చింది. ఎవరో పెద్దావిడ సర్దిచెప్పబోయింది. "అంత భక్తురాలివి, నువ్వే ఇట్లా ఏడిస్తే ఎట్లా?" అని. అత్తగారు తలెత్తింది. "ఏడవకూడదని ఆయన అన్నాడా నీతో? ఆయన ముందేగా ఏడుస్తున్నాను, ఇంకెవరి ముందు ఏడవను?" అని మళ్ళీ ఏడ్చింది. కోడలు వెళ్ళి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు.

అతన్ని సాగనంపాక ఇల్లంతా వచ్చిపోయేవాళ్ళతో నిండింది. పిన్ని మాత్రం లోపలికి రాలేదు. వీధి అరుగు మీద, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. డప్పు మూగబోయింది. చివరికి అత్తగారే బయటికి పోయింది.

"లోపలికి రావే మరదలా."

"నా నోరు వదినా. ఇంటికొచ్చేశాడని అన్నాను. ఉసురు తగిలి..."

"నీ అబద్ధానికి అంత బలమే ఉంటే ఈ వీధిలో ఇప్పటికి ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు" అంది అత్తగారు. పిన్నికి ఏడుపులో నవ్వొచ్చి, నవ్వినందుకు ఇంకా ఏడుపొచ్చింది. "వాణ్ణి బతికించడం నా నిజం చేతిలో లేదు, చంపడం నీ అబద్ధం చేతిలో లేదు. లే. నువ్వు ఎత్తుకుని తిరిగిన బిడ్డ. నువ్వు లేకుండా నేనెట్లా ఏడవను?"

మర్నాడు పొద్దున కోడలికి మెలకువ రాగానే పెరట్లోంచి మాట వినపడింది. లేచి తలుపు సందులోంచి చూసింది. అత్తగారు గోడ దగ్గర నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది, గొంతు బొంగురు పోయి ఉంది. "లేచాను. లేవనన్నాను కదా, అయినా లేపావు. ఇవాళ నీకు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఊరికే నిలబడతాను." అని నిలబడింది. ఎండ గోడ మీదకి వచ్చేదాకా నిలబడింది. కోడలు తలుపు వెనక అంతసేపూ నిలబడింది. తనకి అంత నమ్మకం లేదు. లేదని తెలుసు. కానీ అంత నమ్మకాన్ని పక్కన నిలబడి చూడటం కూడా ఒక చలి కాచుకోవడమే అనిపించింది.

పెద్ద బానని ఖాళీ చేశారు. తాతల నాటి మడ్డి. అత్తాకోడళ్ళూ పిన్నీ కలిసి చెంబులతో తోడి పెరట్లో పోశారు. అడుగు గోకి, కడిగి, ఎండనిచ్చి, కొత్తగా పెట్టారు. నీలిమందు నూరడం, సున్నపు తేట తియ్యడం, తవుడు ఉడకబెట్టడం, అన్నీ కోడలి చేతే చేయించింది అత్తగారు. కొత్త బాన లేవడం అంత సులువు కాదు. పువ్వు లేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. రోజూ మూత తీసి చూసి మళ్ళీ మూసేవాళ్ళు.

"ఇది కూడా చస్తే?" అని అడిగింది కోడలు.

"చస్తే ఏడుద్దాం. ఏడ్చి మళ్ళీ పెడదాం."

ఒక పొద్దున్న మూత తీస్తే మధ్యలో ఎక్కడో చిన్న నురుగు. గుత్తి అని కూడా అనలేం, నాలుగు బుడగలు. పైన రాగి రంగు అవునా కాదా అన్నట్టు ఉంది. అత్తగారు వేలు ముంచి నాలిక మీద వేసుకుంది. ఏమీ అనకుండా కోడలి చేతిలో తెల్ల గుడ్డ పెట్టి పక్కకి తప్పుకుంది.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు లోపలికి పెట్టింది. రసం ఒంటి వేడంత వెచ్చగా ఉంది. అతను ఇట్లాగే కూర్చునేవాడు. గుడ్డని లోపల మెల్లగా కదిపి, మడతలు విప్పి, పైకి తీసింది. లేతాకు రంగు. లేచి నిలబడి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. అడగాలనుకున్న మాట ఒకటి గొంతు దాకా వచ్చింది. రంగు పట్టిందా అత్తయ్యా అని. పక్కకి తిరిగి చూస్తే అత్తగారు నోరు కొంచెం తెరిచి గుడ్డ వైపే చూస్తోంది. ఇప్పుడే మొదటిసారి చూస్తున్న మనిషిలా. కొడుకుని పోగొట్టుకున్న ఆ కళ్ళలో అదే వింత, తగ్గకుండా, అట్లాగే ఉంది.

కోడలు మాట మింగేసింది. అంచుల నుంచి నీలం మొదలైంది. బానలో ఉన్నంతసేపూ కనపడని రంగు, బయటికి వచ్చాక, వెలుగులోకి వచ్చాక, ఎక్కణ్ణుంచో వచ్చి మడత మడతలోకీ పాకుతోంది. ఆమె చేతుల మీద నుంచి జారుతున్న చుక్కలు కూడా మణికట్ల దగ్గర నీలంగా తిరుగుతున్నాయి. అతను ఎటు పోయాడో ఆమెకి తెలీదు. ఆ గుడ్డ కిందే నిలబడి, తలెత్తి, తెలీకపోయినా చూసింది. ఎవరో పనిలో ఉన్నారు. ఊపిరి కూడా చిన్నగా పీల్చింది.

వీధిలోంచి పిన్ని గొంతు గోడ దాటి వచ్చింది. "ఏమే, పట్టిందా రంగు? చెప్పండే, ఊరంతా అడుగుతోంది!"

కోడలు నీలం పూర్తిగా పరుచుకునేదాకా ఆగి, గుడ్డని తీగ మీద వేసి, అప్పుడు గోడ దగ్గరికి పోయింది.

"ఇంకా తెలీదు పిన్నీ" అంది. "ఉతికితే గాని తెలీదు."

తెలీదు అన్న మాట తన నోటి నుంచి భయం లేకుండా రావడం విని, నీలపు చేతులు కొంగుకి తుడుచుకోబోయి, ఆగి, అట్లాగే ఉంచుకుంది.